మాటు వేసిన బిందె, పళ్ళచక్రం మార్చిన ఫోనోగ్రాఫు

పాత వస్తువులు సేకరించేవాళ్ళకి ‘ఒరిజినల్’ అనే మాట మహా ఇష్టం. ఏ మార్పూ జరగనిదే విలువైనదంటారు. సిలిండర్ ఫోనోగ్రాఫుల సంగతి చదివాక నాకు ఆ మాట మీద గురి తగ్గింది.

పళ్ళెంలాంటి రికార్డు తిరిగే గ్రామఫోను మనకి తెలిసినదే. దానికంటే ముందు పుట్టింది ఫోనోగ్రాఫు. 1877లో ఎడిసన్ కనిపెట్టాడు. మొదట తగరపు రేకు మీద, తర్వాత చిన్న గ్లాసంత మైనపు గొట్టం మీద గొంతు ఎక్కించేవారు. 1890ల చివరికి స్ప్రింగుతో నడిచే ‘హోమ్’, ‘స్టాండర్డ్’, ‘జెమ్’ మోడళ్ళు అమెరికాలో మామూలు ఇళ్ళలోకి వచ్చాయి. తగిన పరికరం బిగిస్తే ఇంట్లోవాళ్ళ మాటలూ పాటలూ కూడా రికార్డు చేసుకోవచ్చు. వద్దనుకుంటే మైనం పైపొర చెక్కేసి మళ్ళీ వాడుకోవచ్చు.

ఆ గొట్టం మీద అంగుళానికి 100 గాళ్ళు. అందులో పట్టేది 2 నిమిషాల పాటే. 1908లో ఎడిసన్ కంపెనీ అంగుళానికి 200 గాళ్ళతో 4 నిమిషాల ‘ఆంబరాల్’ సిలిండర్లు తెచ్చింది. పాత మిషను వాటిని పాడించలేదు. సూది పక్కకి జరిగే వేగం సగమవ్వాలి, సూది మొన సన్నబడాలి. పాటకోసం మిషనంతా మార్చుకోవడం ఎన్ని ఇళ్ళకి కుదురుతుంది? అందుకని కంపెనీయే పాత మిషన్లకి బిగించే పళ్ళచక్రాల సెట్టూ, కొత్త సూది ఉన్న రీప్రొడ్యూసరూ విడిగా అమ్మింది. కొందరు చిన్న రేకు కొమ్ము తీసేసి, పువ్వులా విచ్చుకున్న పెద్ద కొమ్ము తగిలించుకున్నారు.

ఇలాంటి మిషను చేతికొస్తే కొత్త చక్రాలు ఊడదీసి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటిలా చేయాలని కొందరికి తాపత్రయం. నాకది నచ్చదు. మన అమ్మమ్మల ఇత్తడి బిందెకి మాటు ఉంటే, అది ఎన్నేళ్ళు నీళ్ళు మోసిందో ఆ మాటే చెబుతుంది. ఈ చక్రాలూ అంతే. పాత వస్తువు పారేయకుండా కొత్త పాట విన్న ఇంటి లెక్క అది.

అలాగని ప్రతి మార్పునీ నెత్తిన పెట్టుకోమనడం లేదు. నాలుగు మిషన్ల ముక్కలు ఈమధ్య కలిపి ‘అరుదైనది’ అని అంటగడితే అది మోసమే. వాడుకోవడానికి ఆ ఇంటివాళ్ళు చేయించుకున్నది చరిత్ర, అమ్ముకోవడానికి ఇప్పుడు చేసింది నాటకం. పాత మర కన్నాలు, రంగు వెలిసిన తీరు చూస్తే తేడా కొంత తెలుస్తుంది.

ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. 1912లో నీలం రంగు సెల్యులాయిడ్ ‘బ్లూ ఆంబరాల్’ సిలిండర్లు, వాటికోసం వజ్రపు సూదీ వచ్చాయి. ఆ సూదిని పాత మైనపు గొట్టం మీద పెడితే గాళ్ళు చెక్కుకుపోతాయి. కొన్న పాటకి ఇంకో ప్రతి దొరకచ్చు. ఇంట్లో రికార్డు చేసిన తల్లి జోలపాటకి రెండో ప్రతి ఉండదు. అందుకే మిషను అందం చూసేముందు సూది ఏదో చూడాలి.

1929లో ఎడిసన్ కంపెనీ సిలిండర్ల తయారీ ఆపేసింది. అంటే ఇక మిగిలినవే మిగిలినవి. మరమ్మతుకోసం ఏ భాగమైనా తీయాల్సివస్తే దాన్ని పారేయకుండా, ఎప్పుడు, ఎందుకు తీశారో చీటీ రాసి మిషనుతోపాటే దాచాలి. తర్వాత ఇంటికి ఆ చీటీ కూడా ఆస్తే.