రెండు బోర్ల మధ్య పారిన నది

మే నెల. బెల్లంపల్లి ప్రాంతంలో ఓ ఓపెన్ కాస్ట్ గని. పొద్దున ఎనిమిదిన్నరకే హెల్మెట్ కింద నుదురు కాలుతోంది. దిగువన డంపర్లు ఓబీ (బొగ్గు మీది మట్టి, రాళ్లు) మోసుకుపోతుంటే, మీరు బెంచీ (గనిలో చెక్కిన మెట్టు) మీద నిలబడి ఎదుటి గోడను కింది నుంచి పైకి చదువుతున్నారు. అడుగున ముతక ఇసుకరాయి. పైకి వచ్చేకొద్దీ రేణువు సన్నబడుతుంది. ఆపైన బూడిదరంగు షేల్, దాని మీద బొగ్గు. బొగ్గు మీద మళ్లీ ముతక ఇసుకరాయి. ఇవి బరాకర్ శిలలు. పర్మియన్ కాలంలో, సుమారు 28 కోట్ల ఏళ్ల కిందట పేరుకున్నవి.

గోడ దగ్గరికి వెళ్లండి. ఇసుకరాయిలో తెల్లటి ఫెల్‌స్పార్ గింజలు గోటితో గీరితే పిండిలా రాలతాయి. పొర లోపల ఏటవాలుగా సన్నటి గీతలు కనిపిస్తున్నాయి కదా! నీటి అడుగున ఇసుక దిబ్బలు ముందుకు జరుగుతూ వదిలిన గీతలవి. అవి ఎటు వాలితే నీరు అటు పారినట్టు. కంపాస్ పెట్టి చూస్తే ముల్లు వాయవ్యం చెబుతుంది. నేటి గోదావరి ఆగ్నేయంగా సముద్రానికి పోతుంటే, అదే లోయలో ఆనాటి నదులు దానికి ఎదురుగా పారాయి. ఈ దిక్కును నోట్‌బుక్‌లో రాసుకోండి, సాయంత్రానికి అవసరమవుతుంది.

షేల్ పలకను సుత్తితో చీలిస్తే నాలుక ఆకారంలో ఓ ఆకు అచ్చు బయటపడుతుంది. నడుమ ఈనె, రెండు వైపులా వల అల్లినట్టు సన్నని ఈనెలు. గ్లోసాప్టెరిస్ అనే చెట్టు ఆకు. అంటే నది గట్టు దాటి పొంగిన నీరు ఇక్కడ నిలిచింది, బురద నెమ్మదిగా దిగింది, పక్కనే చెట్లున్నాయి. రాయి రంగు, రేణువు, గీతలు, శిలాజాలు, ఇవన్నీ కలిసి అది ఏ పరిస్థితిలో పుట్టిందో చెప్పే రూపాన్నే ఫేసీస్ అంటాం. 1838లో స్విస్ జురా కొండల్లో తిరుగుతూ అమాంజ్ గ్రెస్లీ ఈ ఆలోచనకు రూపమిచ్చాడు. 1894లో యోహానెస్ వాల్తర్ ఇంకో మెట్టు ఎక్కాడు. మధ్యలో కోత పడకుండా ఒకదాని మీద ఒకటి పేరుకున్న ఫేసీస్‌లు, ఒకప్పుడు పక్కపక్కన ఉన్న పరిసరాలేనన్నాడు. ఈ గోడలో నది ఇసుక, వరద బురద, బొగ్గైన చిత్తడి నేల ఒకదాని పైన ఒకటి ఉన్నాయంటే, ఆనాడు ఈ మూడూ పక్కపక్కనే ఉండేవి. నది జరిగేకొద్దీ అవీ జరిగాయి.

గోడ ఇక్కడితో అయిపోయింది. దాని వెనక నేలలో ఏముందో బోర్లే చెప్పాలి. కోర్ షెడ్డులోకి రండి. రేకుల కింద వరసగా పెట్టెలు, వాటిలో బోర్ల నుంచి తీసిన, లోతు అంకెలు వేసిన రాతి కడ్డీలు. వీటినే కోర్ అంటారు.

"నీళ్లు పొయ్యాల్నా సార్?"

"పొయ్యి తమ్మీ. ఈ ఇసుకరాయి అడుగు కాడ జర ఎక్కువ పొయ్యి."

తడి తగలగానే రాయి ముఖం విప్పుకుంటుంది. లెన్స్ కంటికి ఆనించి వంగండి. ఇసుకరాయి, బొగ్గు కలిసే చోట గీత తిన్నగా లేదు, గరుకుగా కొరికినట్టుంది. దానికి కాస్త పైన, ఇసుకలో ఇరుక్కుని నల్లటి బొగ్గు పెళ్లలు, కోసుగా విరిగిన షేల్ ముక్కలు. 400 మీటర్ల అవతలి బోరులో ఇదే బొగ్గు పొర (సీమ్) నాలుగు మీటర్లుంది, ఇక్కడ మీటరే మిగిలింది. ఎందుకో ఆ పెళ్లలే చెబుతున్నాయి. సీమ్ ఇక్కడ సన్నగా పుట్టలేదు. తర్వాత వచ్చిన నది దాన్ని కోసుకుపోయింది.

మధ్యాహ్నమంతా లెక్క. ముతక ఇసుక తర్వాత సన్న ఇసుక ఎన్నిసార్లు వచ్చింది, షేల్ తర్వాత బొగ్గు ఎన్నిసార్లు వచ్చింది అని ఒక పట్టికలో నింపుతారు. ఊరికే కలగాపులగంగా పేరుస్తే ఎన్నిసార్లు రావాలో దానితో పోల్చి, ఏ పొర తర్వాత ఏది రావడం యాదృచ్ఛికం కాదో తేలుస్తారు. మార్కోవ్ గొలుసు పద్ధతి ఇదే. బెల్లంపల్లి బరాకర్ పొరలను కూడా పరిశోధకులు ఈ పద్ధతితో పరిశీలించారు.

సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుంటారు. గని కింది నేల మొత్తం చిన్న చిన్న గళ్లుగా తెర మీద ఉంది. బోరు తగిలిన గళ్లలో ఏ ఫేసీస్ ఉందో తెలుసు, మిగతావన్నీ ఖాళీ. రెండు బోర్ల మధ్య సూటిగా గీత లాగితే సీమ్ నాలుగు మీటర్ల నుంచి ఒకటికి మెల్లగా తగ్గిపోతుంది. అది తప్పు, నది గట్టు అలా వాలదు. ఒక్కో గడినీ సంభావ్యత లెక్కతో నింపే ఇండికేటర్ సిమ్యులేషన్ నడిపితే, బోర్లకు దూరంగా ఇసుక గళ్లు తిరగమోతలో ఆవాల్లా చెదిరిపోతాయి. నది అలా చుక్కలుగానూ పారదు. అందుకే మూడో దారి. నదినే ఒక వస్తువుగా ఇవ్వండి. వెడల్పు ఇంత, లోతు ఇంత, వంపు ఇంత, దిక్కు వాయవ్యం. పొద్దున రాసుకున్న దిక్కు ఇప్పుడు పని చేస్తుంది. ఇసుక తగిలిన బోర్లను కలుపుతూ తెర మీద ఓ నది మెలికలు తిరుగుతుంది.

ఆ ఒక్క బొమ్మతో తృప్తి పడకండి. వంద బొమ్మలు గీయించండి. ఎనభైలో నది ఒకే చోట కనిపిస్తే అక్కడ బొగ్గు నిల్వను తగ్గించి రాయాలి. తర్వాత తెలిసిన ఒక బోరును దాచిపెట్టి మోడల్‌ను అడగండి. అది సరిగ్గా చెప్పలేకపోతే మళ్లీ కోర్ షెడ్డుకే వెళ్లాలి.

ఇదంతా ఎందుకంటే, భూగర్భ గనిలో కార్మికుడి నెత్తిన ఉన్న పైకప్పు షేలా, నీళ్లు దాచుకున్న ఇసుకరాయా అన్నది ముందే తెలియాలి. కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు, గ్యాస్ ఉన్న ఇసుక ఎంతవరకు పరుచుకుందో అంచనా వేసేదీ ఇలాంటి మోడళ్లతోనే.

రెండు బోర్ల నడుమ ఖాళీని నింపేది సాఫ్ట్‌వేరే అయినా, ఎలా నింపాలో చెప్పేది రాయిని చూసిన కన్ను. జియాలజీ చదివే పిల్లలూ, మౌస్ పట్టుకునే ముందు లెన్స్ పట్టండి. గనుల బాధ్యత చూసే పెద్దలూ, కోర్ పెట్టెలను ఎండకూ వానకూ వదిలేయకండి. మళ్లీ బోరు వేయాలంటే ఖర్చవుతుంది, తవ్వేసిన చోట అసలు వేయడానికే ఏమీ మిగలదు.