స్పర్శ చర్మశోథ: కారణాన్వేషణ, ఉపశమనాల చరిత్ర

బయటి పదార్థం ఏదైనా ఒంటికి తగలడం వల్ల చర్మం ఎర్రబడి, దురదపెట్టి, దద్దుర్లు లేదా నీటి పొక్కులు లేవడాన్ని స్పర్శ చర్మశోథ అంటారు. ఆసుపత్రుల్లో వినిపించే పేరు కాంటాక్ట్ డెర్మటైటిస్. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఇందులో రెండు రకాలున్నాయి. డిటర్జెంట్, ఆమ్లం, తడి సిమెంటు లాంటివి తగినంత సేపు తగిలితే ఎవరి చర్మాన్నైనా నేరుగా దెబ్బతీస్తాయి. దీన్ని ఇరిటెంట్ రకం అంటారు, ఎక్కువ మందిలో కనిపించేది ఇదే. రెండోది ఎలర్జీ రకం. నలుగురికీ ఏమీ చేయని చెవికమ్మో, జుట్టు రంగో ఒకరి ఒంటికి మాత్రం పడదు.

దురదను చల్లార్చే పూతలు వేల ఏళ్లుగా ఉన్నాయి. ఒంటికి పడనిది ఏదో తేల్చే పద్ధతి మాత్రం 1895లో కానీ రాలేదు. ప్యాచ్ టెస్ట్ అనే ఆ పరీక్ష ఎలా పుట్టి ఎలా స్థిరపడిందన్నదే ఈ వ్యాధి చరిత్రలో ప్రధాన భాగం.

పేర్లు, పొరపాట్లు

చరక సంహిత చర్మరోగాల వర్గంలో విచర్చిక అనే వ్యాధిని చెప్పింది. దురద, పొక్కులు, నల్లబడటం, విపరీతంగా రసి కారడం దాని లక్షణాలు. నేటి ఎక్జిమాతో దీన్ని పోలుస్తారు. ఎక్జిమా అనే మాటకు గ్రీకులో పొంగిపొర్లడం అని అర్థం.

తెలుగు వాడుకలో దురదపెట్టే ప్రతి మచ్చనూ గజ్జి అనో తామర అనో అనేస్తారు. నిజానికి గజ్జికి కారణం చర్మంలో తొలుచుకుపోయే సూక్ష్మ పురుగు, తామరకు కారణం ఫంగస్. స్పర్శ చర్మశోథలో క్రిమి ఏదీ ఉండదు. అందుకే గజ్జి మందు అయిన గంధకం లేపనం ఇక్కడ పూస్తే అప్పటికే రేగి ఉన్న చర్మం మరింత మండుతుంది. చూపులకు మూడూ ఒకేలా ఉండటం వల్ల దద్దురు రూపం కన్నా అది వచ్చిన చోటు, వచ్చిన వేళ, రోగి చేసే పని వైద్యుడికి ఎక్కువ చెబుతాయి.

జీడి కుటుంబం

ఒక వస్తువుకూ దద్దురుకూ ఉన్న సంబంధాన్ని జనం కళ్లారా చూసింది చెట్ల పాల వల్లే. మామిడికాయ తొడిమ తుంచగానే చిమ్మే సొన పెదవికో చెంపకో తగిలితే మర్నాటికి అక్కడ నల్లటి మచ్చ, చుట్టూ పొక్కులు తేలుతాయి. ఆవకాయకు కాయలు తెచ్చిన రోజున సొన పోయేదాకా కడిగి తుడవడం ఇళ్లలో పాత అలవాటు. మామిడి, జీడిమామిడి, నల్లజీడి మూడూ ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి. అమెరికాలోని పాయిజన్ ఐవీ తీగ, జపాన్‌లో లక్క పూతకు వాడే చెట్టు కూడా ఆ కుటుంబానివే. వీటి పాలలోనూ, గింజల పెంకుల్లోనూ ఉండే జిడ్డు రసాయనాలకు ఒకదానితో ఒకటికి దగ్గరి పోలికలున్నాయి. లక్క చెట్టులోని అలాంటి రసాయనమైన ఉరుషియోల్ నిర్మాణాన్ని జపాన్ రసాయన శాస్త్రవేత్త రికో మజిమా 20వ శతాబ్దం తొలి దశకాల్లో ఛేదించాడు.

జీడిపప్పు పరిశ్రమలో ఈ సమస్య రోజువారీది. గింజ పెంకులోని నూనె తగిలితే వేళ్లు కాలినట్టు అయి తోలు ఊడుతుంది. పెంకు ఒలిచే కార్మికులు చేతులకు ఆముదమో బూడిదో పట్టించుకుని పనికి కూర్చుంటారు. శ్రీకాకుళం జిల్లా పలాస ఈ పరిశ్రమకు పేరుపొందిన కేంద్రం. ఈ పెంకు రసాన్నే 1847లో స్టేడెలర్ అనే యూరప్ శాస్త్రవేత్త ప్రయోగానికి వాడాడు. జీడి రసంలో తడిపిన కాగితం ముక్కను చర్మానికి అంటించి, పొక్కును కావాలని పుట్టించి చూశాడు. ప్యాచ్ టెస్ట్‌కు ముందున్న ప్రయోగాల్లో దీన్ని ఒకటిగా లెక్కిస్తారు.

నల్లజీడి కథ రెండో ప్రపంచ యుద్ధంలో వైద్య పత్రికలకు ఎక్కింది. ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి రజకులు ఆ గింజను సూదితో గుచ్చి, మొనకు అంటిన నల్లటి రసంతో మెడపట్టీ దగ్గరో నడుంపట్టీ దగ్గరో గుర్తు పెట్టేవారు. దానిపై సున్నం అద్దితే ఎన్ని ఉతుకులకైనా చెరగదు. భారతదేశంలో ఉన్న అమెరికన్ సైనికులకు సరిగ్గా ఆ గుర్తు ఒత్తుకునే చోటే దద్దుర్లు రాసాగాయి. మొదట ఫంగస్ అనుకున్నారు. మచ్చ మెడ వెనక, నడుము దగ్గర, గుర్తు ఉన్నంత మేరే ఉండటం అసలు కారణాన్ని పట్టించింది. అమెరికన్ సైనిక వైద్యులు 1943లో దీన్ని చాకలి గుర్తు చర్మశోథగా ప్రచురించారు.

ప్యాచ్ టెస్ట్ పుట్టుక

జర్మన్ చర్మవైద్యుడు యోసెఫ్ యాడాసోన్ 1895లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో జరిగిన జర్మన్ చర్మవైద్యుల సభలో ఒక పరిశీలన వినిపించాడు. ఆ రోజుల్లో పాదరసం లేపనాలు విరివిగా వాడేవారు. కొందరికి వాటితో ఒళ్లంతా దద్దుర్లు లేచేవి. అలాంటి రోగి ఆరోగ్యంగా ఉన్న చర్మంపై పాదరసం పూసిన చిన్న పట్టీ అంటించి చూస్తే, సరిగ్గా ఆ పట్టీ కిందే దద్దురు మళ్లీ పుట్టింది. రోగి ఊహ మీదా వైద్యుడి అనుభవం మీదా ఆధారపడిన నిర్ధారణకు చర్మమే సాక్ష్యం చెప్పడం అక్కడి నుంచి మొదలైంది.

ఎలర్జీ అనే మాట అప్పటికింకా లేదు. వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫన్ పిర్కే దాన్ని 1906లో ప్రవేశపెట్టాడు. స్విట్జర్లాండ్‌లో బ్రూనో బ్లాక్ 1911 నుంచి ఈ పరీక్షను క్రమబద్ధం చేశాడు. పుండ్లకు వాడే అయొడోఫాం మందు పడని రోగులపై పనిచేసిన తర్వాత ఆయన ప్రిమ్యులా అనే కుండీ పూల మొక్క మీదికి మళ్లాడు. ఆకుల్లోని దోషకారక పదార్థాన్ని రసాయన శాస్త్రవేత్త పాల్ కారర్ సాయంతో వేరు చేసి, అది ఎవరికైనా ఎలర్జీ కలిగించగలదా అని పరీక్షించాడు. బ్లాక్ దగ్గర శిక్షణ పొందిన మేరియన్ సుల్జ్‌బర్గర్ ఈ పద్ధతిని అమెరికాకు తీసుకెళ్లాడు.

ఏ రసాయనంతో పరీక్షించాలన్న దానికి చాలాకాలం ఒక ఒరవడి లేదు. కోపెన్‌హాగన్‌కు చెందిన పౌల్ బోనెవీ 1939లో తన గ్రంథంలో తరచూ దోషకారకాలయ్యే పదార్థాల జాబితాను ఇచ్చాడు. నేటి ప్రామాణిక వరసలన్నిటికీ మూలం అదే. దేశదేశాల నిపుణులు 1967లో అంతర్జాతీయ పరిశోధన బృందంగా ఏర్పడి పట్టీ కొలత, మోతాదు, ఫలితం చదివే తీరు ఏకం చేశారు. 1970లలో ఫిన్లాండ్ నుంచి చిన్న అల్యూమినియం గిన్నెల పట్టీలు వచ్చాయి.

చర్మం లోపల జరిగేది

పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి 1868లో బెర్లిన్‌లో చర్మం పైపొరలో కొమ్మలు చాచిన కణాలను చూసి అవి నాడీకణాలనుకున్నాడు. అవి బయటి పదార్థాన్ని పట్టి రోగనిరోధక వ్యవస్థకు చూపించే కాపలా కణాలని తేలడానికి వందేళ్లు పట్టింది. మధ్యలో, 1942లో, కార్ల్ లాండ్‌స్టైనర్, మెరిల్ చేజ్ గినీ పందులపై ప్రయోగం చేసి, ఈ ఎలర్జీ ఒక జంతువు నుంచి మరో జంతువుకు కణాలతో చేరుతుందని చూపారు.

నికెల్, క్రోమియం లాంటి చిన్న పదార్థాలు చర్మంలోని ప్రోటీన్లకు అంటుకుంటాయి. శరీరం ఆ జంటను పరాయిదిగా గుర్తుపెట్టుకుంటుంది. ఇది జరగడానికి సాధారణంగా కనీసం పది రోజులు పడుతుంది, కొన్నిసార్లు ఏళ్లు. గుర్తు పడ్డాక మళ్లీ తగిలితే ఒకటి నుంచి మూడు రోజుల్లో దద్దురు తేలుతుంది. తగిలిన రోజూ పొక్కిన రోజూ వేరు కావడం వల్లే రోగి నిన్న తిన్న వంకాయను అనుమానిస్తాడు, మొన్న పెట్టుకున్న జుట్టు రంగును మరచిపోతాడు. ఇరవై ఏళ్లుగా వాడుతున్న వస్తువు కూడా ఒకనాటి నుంచి పడకుండా పోవచ్చు.

పరీక్ష చేసే తీరు

అనుమానిత పదార్థాలను నిర్ణీత మోతాదులో వ్యాజలీన్‌లోనో నీటిలోనో కలిపి, చిన్న గిన్నెల్లో పెట్టి, వీపు పైభాగాన వరసలుగా అంటిస్తారు. పక్కన పెన్నుతో గుర్తులు వేస్తారు. 48 గంటల పాటు వీపు తడవకూడదు, చెమట పట్టే పనులు చేయకూడదు. రెండో రోజున పట్టీలు తీసి చూసి, మూడో రోజో నాలుగో రోజో మళ్లీ చూస్తారు. ఎర్రదనంతో పాటు గట్టిపడితే ఒక ప్లస్, చిన్న పొక్కులుంటే రెండు, పొక్కులు కలిసిపోయి రసి కారితే మూడు. మచ్చ ఎర్రబడగానే కారణం దొరికినట్టు కాదు. ఆ పదార్థం రోగి ఇంట్లోనో పనిచోటో నిజంగా ఉందా, దద్దురు వచ్చిన చోటికి అది చేరుతుందా అన్నది సరిచూసుకోవాలి.

చర్మాన్ని సూదితో గుచ్చి ఇరవై నిమిషాల్లో చదివే ప్రిక్ టెస్ట్ వేరు. అది తుమ్ములు, ఉబ్బసం, తిండి ఎలర్జీల కోసం. దద్దురు తీవ్రంగా రేగి ఉన్నప్పుడూ, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నప్పుడూ ప్యాచ్ టెస్ట్ వాయిదా వేస్తారు.

భారతదేశంలో

భారతదేశంలో ఈ వ్యాధికి మారుపేరైన మొక్క వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా పిలిచే ఈ అమెరికా ఖండపు కలుపు మొక్క 1950ల మధ్యలో పుణెలో కనిపించి దేశమంతా పాకింది. అందులోని పార్థెనిన్ అనే పదార్థం ఎండిన ఆకుల ధూళితో గాలిలో తేలి చర్మానికి చేరుతుంది. కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు మొదట రేగుతాయి. ఎక్కువగా బాధపడేది పొలాల్లో, బయళ్లలో పనిచేసేవారు. 1974లో లోంకర్, మిచెల్, కాల్నన్ ఈ చర్మశోథపై ప్రచురించిన వ్యాసం దీన్ని ప్రపంచం దృష్టికి తెచ్చింది. మొక్కను తినే మెక్సికన్ పెంకు పురుగును 1980లలో బెంగళూరు నుంచి వదిలారు. అయినా మొక్క అంతరించలేదు.

ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన జె. ఎస్. పస్రీచా దేశంలో ప్యాచ్ టెస్ట్‌ను వ్యాప్తిలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు. 1997లో ఈ దేశానికి తగిన పదార్థాలతో ఇండియన్ స్టాండర్డ్ సిరీస్ రూపొందింది. పార్థీనియం అందులో ఒకటి. స్టిక్కర్ బొట్టు జిగురులోని రసాయనాలతో నుదుట దురద, కొందరికి తెల్లమచ్చ వస్తాయి. హవాయి చెప్పుల రబ్బరు పడకపోతే పాదం మీద పట్టీ ఆనిన మేర వి ఆకారంలో దద్దురు లేస్తుంది.

ఉపశమనం

నెయ్యి, నూనెలు, చల్లటి తడిగుడ్డ లాంటివి చాలా సంస్కృతుల్లో ఉన్నాయి. జింక్ ఆక్సైడ్‌లో కాస్త ఐరన్ ఆక్సైడ్ కలిపితే వచ్చే గులాబీ రంగు కాలమిన్ ద్రావణం నేటికీ మందుల దుకాణాల్లో దొరుకుతుంది. 19వ శతాబ్దంలో బొగ్గు తారు లేపనాలు వచ్చాయి.

అసలు మలుపు 1952. కార్టిజోన్ పరిశోధనకు 1950లో నోబెల్ బహుమతి వచ్చినా, ఆ మందు చర్మంపై పూస్తే పనిచేయలేదు. సుల్జ్‌బర్గర్, విక్టర్ విటెన్ దాని దగ్గరి బంధువైన హైడ్రోకార్టిజోన్‌ను పూసి దద్దురు తగ్గుతుందని చూపారు. ప్యాచ్ టెస్ట్‌ను అమెరికాకు చేర్చిన సుల్జ్‌బర్గరే ఈ పనిలోనూ ఉన్నాడు. తర్వాత అంతకన్నా ఎన్నో రెట్లు ఘాటైన స్టెరాయిడ్లు వచ్చాయి. 2000లో స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ లేపనానికి అమెరికాలో అనుమతి దొరికింది.

తేలిగ్గా తగ్గించే మందు చేతికి రావడంతో కారణం వెతికే ఓపిక తగ్గింది. చీటీ లేకుండా కొన్న స్టెరాయిడ్ క్రీములను నెలల తరబడి ముఖానికి రాసుకుని చర్మం పలచబడినవారు, మానేస్తే మంటతో అల్లాడేవారు భారతదేశంలో పెరిగారు. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ క్రీములను వైద్యుడి చీటీతోనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. పుండుకు పూసే నియోమైసిన్, నైట్రోఫ్యూరజోన్ లాంటి మందులే కొందరికి పడకుండా దద్దురును పెంచుతాయి. అందుకే అవి కూడా పరీక్ష వరసలో ఉన్నాయి.

నివారణ, చట్టాలు

కారణం తెలిస్తే వ్యాధిని కర్మాగారంలోనే ఆపవచ్చని డెన్మార్క్ నిరూపించింది. సిమెంటులోని క్రోమియం తాపీ పనివారి చేతులను పాడు చేసేది. 1980ల తొలినాళ్లలో అక్కడి సిమెంటులో ఫెర్రస్ సల్ఫేట్ కలపడం మొదలయ్యాక కొత్త కేసులు తగ్గాయి. 2005 నుంచి యూరోపియన్ యూనియన్ అంతటా హానికర క్రోమియం సిమెంటులో పది లక్షల భాగాలకు 2 మించకూడదు. చర్మానికి ఆనే లోహ వస్తువుల నుంచి విడుదలయ్యే నికెల్‌కు 1990లో డెన్మార్క్, 1994లో యూరోపియన్ యూనియన్ హద్దు పెట్టాయి. చెవికమ్మలో నికెల్ ఉందో లేదో చూడటానికి డైమిథైల్‌గ్లైఆక్సిమ్ ద్రావణం అద్దిన దూదితో రుద్దుతారు. దూది గులాబీ రంగుకు తిరిగితే ఉన్నట్టు.

ఒకసారి పుట్టిన స్పర్శ ఎలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. దాన్ని మాన్పే మందు లేదు, పడని వస్తువును దూరం పెట్టడమే మార్గం. పరీక్ష ముగిశాక ఆ పదార్థాల పేర్లు, అవి ఏయే సరుకుల్లో ఉంటాయో రాసిన కాగితం రోగికి ఇస్తారు. కొత్త సబ్బు, జుట్టు రంగు, చెప్పులు కొనేటప్పుడు ఆ కాగితం వెంట ఉండాలి.