అధికరణ 21: మాటలు మారలేదు, అర్థం మారింది

రాజ్యాంగం అమల్లోకి వచ్చి నెల రోజులు నిండాయో లేదో, 1950 ఫిబ్రవరి చివరి వారంలో పార్లమెంటు ముందస్తు నిర్బంధ చట్టాన్ని ఆమోదించింది. బిల్లును సభ ముందుంచిన హోం మంత్రి వల్లభ్‌భాయ్ పటేల్, ఆ నిర్ణయానికి రావడానికి ముందు రాత్రులు తనకు నిద్ర పట్టలేదని చెప్పుకున్నారు. ఏడాది పాటు మాత్రమే ఉండాల్సిన చట్టమది. పొడిగింపు మీద పొడిగింపుతో 1969 చివరిదాకా కొనసాగింది.

జరిగిన నేరానికి శిక్ష వేసే చట్టం కాదది. ఒక మనిషి రేపు ఏదో చేయవచ్చునని అధికారి భావిస్తే చాలు, నేరారోపణ, విచారణ లేకుండానే అతన్ని జైల్లో ఉంచవచ్చు. 1919లో సరిగ్గా ఇలాంటి అధికారాన్నే బ్రిటిష్ ప్రభుత్వానికి కట్టబెట్టిన రౌలట్ చట్టంపై దేశమంతా తిరగబడింది. ఆ ఉద్యమంలోంచి, ఆ తరువాతి జైలు జీవితాల్లోంచి వచ్చినవారే 1950 నాటి సభలో కూర్చున్నారు. ప్రాథమిక హక్కులను సగర్వంగా ప్రకటించుకున్న గణతంత్రంలో అలాంటి చట్టం ఎలా నిలబడగలిగింది? జవాబు రాజ్యాంగంలోని 21వ అధికరణ పదాల ఎంపికలో ఉంది.

చట్టం నిర్దేశించిన ప్రక్రియ ప్రకారం తప్ప ఏ వ్యక్తి ప్రాణాన్నీ, వ్యక్తిగత స్వేచ్ఛనూ హరించరాదన్నది ఆ అధికరణ సారాంశం. 1947లో రాజ్యాంగ పరిషత్తు ముందుకు వచ్చిన తొలి పాఠం ఇది కాదు. అందులో అమెరికా రాజ్యాంగం నుంచి తీసుకున్న ‘డ్యూ ప్రాసెస్’ అనే మాట ఉండేది. ప్రక్రియ చట్టంలో రాసి ఉంటే సరిపోదు, అది న్యాయంగా కూడా ఉండాలని ఆ మాట కోరుతుంది. న్యాయంగా ఉందో లేదో తేల్చేది న్యాయస్థానం. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు 1947 చివర్లో అమెరికా వెళ్లి అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. ప్రజలు ఎన్నుకున్న సభ చేసిన చట్టాన్ని కొట్టివేసే అంత అధికారం కొద్దిమంది న్యాయమూర్తుల చేతిలో పెట్టడం ప్రజాస్వామ్యానికి తగదని ఆయన హెచ్చరించారు. ఆ మాట వట్టి సిద్ధాంతం కాదు. కార్మికుల రక్షణ కోసం తెచ్చిన చట్టాలను అమెరికా న్యాయస్థానాలు ఈ ‘డ్యూ ప్రాసెస్’ పేరుతోనే కొట్టివేసిన చరిత్ర ఉంది. భూసంస్కరణలకు సిద్ధమవుతున్న కొత్త దేశానికి ఆ భయం సహజమే. ముసాయిదా సంఘం ఆ మాటను తొలగించి, 1946 నాటి జపాన్ రాజ్యాంగం నుంచి ‘చట్టం నిర్దేశించిన ప్రక్రియ’ను తెచ్చుకుంది. స్వేచ్ఛ అనే పదానికి ముందు ‘వ్యక్తిగత’ అనే విశేషణాన్ని చేర్చి దాని పరిధిని కుదించింది.

1948 డిసెంబరులో ఈ మార్పుపై పరిషత్తులో తీవ్రమైన చర్చ జరిగింది. పాత మాటే ఉండాలని కె.ఎం. మున్షీ వాదించారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ముసాయిదా సంఘం వైపు నిలిచారు. అంబేడ్కర్ రెండు వైపులా ప్రమాదమే చూశారు. శాసనసభను పూర్తిగా నమ్మడమూ కష్టమే, అయిదారుగురు న్యాయమూర్తుల విచక్షణకు సర్వం వదిలేయడమూ కష్టమేనంటూ తీర్పును సభకే విడిచిపెట్టారు. సభ కొత్త పాఠాన్నే ఆమోదించింది. 1949 సెప్టెంబరులో ఆయనే మరో అధికరణను తెచ్చారు. 21లో జరిగిన లోటుకు ఇది పరిహారమని చెప్పారు. అదే నేటి 22వ అధికరణ. అరెస్టయిన వ్యక్తికి కారణాలు చెప్పాలి, న్యాయవాదిని సంప్రదించనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. అయితే అదే అధికరణ, ముందస్తు నిర్బంధంలో ఉన్నవారికి ఈ రక్షణలు వర్తించవని కూడా చెబుతుంది. వారిని సలహా మండలి పరిశీలన లేకుండానే మూడు నెలల వరకు ఉంచవచ్చు. ముసాయిదా సంఘం సభ్యులకు జైలు అనుభవం ఉండి ఉంటే బాగుండేదని మహావీర్ త్యాగి సభలోనే ఎత్తిపొడిచారు. హక్కుల అధ్యాయంలోనే విచారణ లేని జైలుకు చోటు దొరికింది.

ఆ పదాలకు మొదటి పరీక్ష వెంటనే ఎదురైంది. మలబారు కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ 1947 డిసెంబరు నుంచి మద్రాసు రాష్ట్ర నిర్బంధంలోనే ఉన్నారు. 1950 మార్చి 1న కొత్త చట్టం కింద ఆయనకు జైల్లోనే మరో ఉత్తర్వు అందింది. ఆయన సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఎం.కె. నంబియార్ వాదించారు. మే 19న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. పార్లమెంటు చేసిన చట్టం ఉంది, అందులో ఒక ప్రక్రియ ఉంది, ఆ ప్రక్రియ న్యాయమైనదా అని కోర్టు అడగజాలదన్నది మెజారిటీ నిర్ణయం. నిర్బంధ కారణాలను కోర్టుకు సైతం వెల్లడించకూడదన్న 14వ సెక్షన్‌ను మాత్రం కొట్టివేశారు. ఓడిపోయిన ఆ పిటిషన్ వల్ల తరువాతి నిర్బంధితులకు మిగిలిన మేలు అదే. జస్టిస్ ఫజల్ అలీ విభేదించారు. చట్టం అంటే శాసనసభ ఏది రాస్తే అది కాదనీ, తన వాదన వినిపించుకునే అవకాశం వంటి సహజ న్యాయ సూత్రాలు అందులో ఇమిడి ఉన్నాయనీ ఆయన అన్నారు.

రెండో భిన్నస్వరం రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావుది. అనుమానితుల జాబితాలోకి ఎక్కిన ఒక వ్యక్తి ఇంటికి ఉత్తరప్రదేశ్ పోలీసులు అర్ధరాత్రి వెళ్లి తలుపు తట్టేవారు. 1962 డిసెంబరులో ఆ ఖరక్ సింగ్ కేసులో మెజారిటీ న్యాయమూర్తులు అర్ధరాత్రి సోదాలను రద్దు చేశారు. ఏకాంతం మాత్రం రాజ్యాంగ హక్కు కాదన్నారు. సుబ్బారావు, జస్టిస్ షా విభేదించారు. నిఘా మొత్తం చెల్లదనీ, ఏకాంతం వ్యక్తిగత స్వేచ్ఛలో విడదీయరాని భాగమనీ సుబ్బారావు రాశారు. ఆయనే ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా 1967లో విదేశీ ప్రయాణం కూడా వ్యక్తిగత స్వేచ్ఛేనని తీర్పు వచ్చింది. దాని ఫలితంగానే అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం పుట్టింది.

మూడోది ఎమర్జెన్సీ కాలం నాటిది. 1975 జూన్ 27న రాష్ట్రపతి ఉత్తర్వు 14, 21, 22 అధికరణల అమలు కోసం కోర్టుకు వెళ్లే హక్కును నిలిపివేసింది. మీసా కింద నిర్బంధితుల సంఖ్య 35 వేలకు చేరువైందని షా కమిషన్ తరువాత లెక్క తేల్చింది. వారి హెబియస్ కార్పస్ పిటిషన్లు విచారణకు అర్హమేనని తొమ్మిది హైకోర్టులు అన్నాయి. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఒక పోలీసు వ్యక్తిగత కక్షతో ఎవరినైనా చంపితే దిక్కేమిటని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అడిగారు. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం కోర్టులో దానికి పరిష్కారం లేదని అటార్నీ జనరల్ నిరేన్ డే ఒప్పుకున్నారు. 1976 ఏప్రిల్ 28న నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వ వాదనను సమర్థించారు. ఖన్నా ఒక్కరే కాదన్నారు. జీవించే హక్కు 21వ అధికరణతో పుట్టింది కాదనీ, ఆ అధికరణ అమలు ఆగినంత మాత్రాన చట్టం లేకుండా మనిషిని నిర్బంధించే అధికారం ప్రభుత్వానికి రాదనీ రాశారు. మరుసటి జనవరిలో ఆయన కన్నా జూనియర్ అయిన ఎం.హెచ్. బేగ్‌ను ప్రధాన న్యాయమూర్తిగా నియమించారు. ఖన్నా రాజీనామా చేశారు.

ఆ తరువాత రెండేళ్లు గడవకముందే అవే పదాలకు వేరే అర్థం వచ్చింది. 1977లో జనతా ప్రభుత్వం మేనకా గాంధీ పాస్‌పోర్టును కారణం చెప్పకుండా స్వాధీనం చేసుకుంది. 1978 జనవరి 25న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రక్రియ న్యాయంగా, సమంజసంగా ఉండాలని, ఏకపక్షంగా ఉంటే అది ప్రక్రియే కాదని ప్రకటించింది. పరిషత్తు తీసేసిన ‘డ్యూ ప్రాసెస్’ సారం వ్యాఖ్యానం ద్వారా తిరిగి వచ్చింది. 1976లో స్వేచ్ఛకు వ్యతిరేకంగా ఓటు వేసిన బేగ్, చంద్రచూడ్, భగవతి ముగ్గురూ ఈ ధర్మాసనంలో ఉన్నారు. ప్రధాన తీర్పు భగవతిదే. 1950లో విభేదించిన ఫజల్ అలీ కుమారుడు ముర్తజా ఫజల్ అలీ కూడా అందులో సభ్యుడు. ఎమర్జెన్సీలో సైతం 20, 21 అధికరణల అమలును నిలిపివేయరాదని 44వ సవరణ శాసించింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకాంతాన్ని ప్రాథమిక హక్కుగా గుర్తించారు. ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు అభిప్రాయమే సరైనదన్నారు. 1976 నాటి తీర్పును రద్దు చేశారు. ఆ తీర్పులో భాగస్వామి అయిన వై.వి. చంద్రచూడ్ పొరబడ్డారని రాసింది ఆయన కుమారుడే.

ఈ డెబ్భై ఏళ్లలో 21వ అధికరణలో ఒక్క అక్షరం మారలేదు. చదివిన తీరు మారింది. ఓడిపోతామని తెలిసీ కోర్టు మెట్లెక్కిన పౌరులు, ఒంటరిగా నిలబడిన న్యాయమూర్తులు ఆ మార్పుకు కారకులు. అయితే వ్యాఖ్యానంతో వచ్చిన రక్షణ వ్యాఖ్యానంతోనే పోవచ్చు. 1976 అందుకు సాక్ష్యం. పైగా 22వ అధికరణలోని మినహాయింపు అలాగే ఉంది. 1980 నాటి జాతీయ భద్రతా చట్టం ఏడాది దాకా విచారణ లేని నిర్బంధాన్ని అనుమతిస్తుంది. రాష్ట్రాల చట్టాలు దానికి అదనం. సాధారణ నేరాలకూ ముందస్తు నిర్బంధాన్ని యథాలాపంగా వాడుతున్నారని 2023 సెప్టెంబరులో తెలంగాణకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

అంతకన్నా విచిత్రమైన సంగతి మరొకటి ఉంది. సలహా మండలి లేకుండా నిర్బంధించే గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గిస్తూ, మండలి కూర్పును కట్టుదిట్టం చేస్తూ 44వ సవరణలో 3వ సెక్షన్ చేర్చారు. 1979 ఏప్రిల్‌లో రాష్ట్రపతి ఆమోదం లభించింది. అమల్లోకి తెచ్చే తేదీని ప్రకటించాల్సింది కేంద్ర ప్రభుత్వం. అలా ప్రకటించాలని ఆదేశించేందుకు 1981లో సుప్రీంకోర్టు నిరాకరించింది. అప్పటి నుంచి కాంగ్రెస్, నేషనల్ ఫ్రంట్, యునైటెడ్ ఫ్రంట్, భారతీయ జనతా పార్టీ నాయకత్వంలోని ప్రభుత్వాలు వచ్చాయి. ఎమర్జెన్సీలో జైలు అనుభవించిన నాయకులు ప్రధానులయ్యారు, హోం మంత్రులయ్యారు. నోటిఫికేషన్ మాత్రం రాలేదు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, పార్లమెంటులో మూడింట రెండు వంతుల మెజారిటీ అక్కర్లేదు. గెజిట్‌లో ఒక ప్రకటన చాలు. ఎన్నికల వేళ హక్కుల గురించి మాట్లాడే ప్రతి పార్టీనీ పౌరులు అడగదగిన ప్రశ్న అది.