సెకనులో మూడో వంతు

1991 ఫిబ్రవరి 25. గల్ఫ్ యుద్ధం చివరి రోజులు. రాత్రి ఎనిమిదిన్నర దాటింది.

సౌదీ అరేబియాలోని దహ్రాన్ దగ్గర గోదాములాంటి షెడ్డులో అమెరికన్ సైనికులు బస చేశారు. వాళ్లలో పెన్సిల్వేనియాలోని గ్రీన్స్‌బర్గ్ నుంచి వచ్చిన దళం ఒకటి. మంచినీళ్లు శుద్ధి చేయడం దాని పని. వచ్చి వారం కూడా కాలేదు.

ఇరాక్ స్కడ్ క్షిపణి వదిలింది. దాన్ని ఆకాశంలోనే పేల్చేయాల్సిన పేట్రియాట్ రక్షణ క్షిపణుల వ్యవస్థ (బ్యాటరీ) ఆన్‌లోనే ఉంది. అసలు చిక్కంతా అక్కడే. 100 గంటలకు పైగా దాన్ని ఎవరూ ఆపలేదు.

పేట్రియాట్ కంప్యూటర్ ఆన్ చేసిన క్షణం నుంచి సెకనులో పదో వంతుకొక అంకె చొప్పున లెక్కపెట్టేది. సెకన్లు కావాలంటే ఆ అంకెను 0.1తో గుణించాలి. ఒకటిని మూడుతో భాగిస్తే మనకు 0.333 అంటూ తెగకుండా సాగుతుందే, సున్నా, ఒకటి మాత్రమే వాడే కంప్యూటర్ లెక్కలో 0.1 కూడా అలాగే తెగదు. అది 1970ల నాటి డిజైన్. 24 బిట్ల దగ్గర తోక కోసేశారు. పోయింది సెకనులో కోటో వంతు కన్నా తక్కువే. కానీ 100 గంటల్లో అలాంటి టిక్కులు 36 లక్షలు. మొత్తం కలిపితే 0.34 సెకను. స్కడ్ సెకనుకు ఒకటిన్నర కిలోమీటరుకు పైగా దూసుకొస్తుంది.

క్షిపణి జాడ లెక్కకట్టడానికి కంప్యూటర్ ఒక సమయంలోంచి మరో సమయాన్ని తీసేస్తుంది. ఆ రెండు సమయాల్లోనూ ఒకే తప్పుంటే తీసివేతలో అది కొట్టుకుపోయేది. అంతకుముందు ఎవరో ఈ గుణకారాన్ని మెరుగుపరిచారు, కానీ ప్రోగ్రాంలో కొన్నిచోట్లే. సగం రిపేరు అసలు రోగం కన్నా ప్రమాదమైంది.

పోనీ, లోపం ఎవరికీ తెలియదా అంటే, తెలుసు. ఎనిమిది గంటలు ఆపకుండా నడిపితే రాడార్ గురి 20 శాతం పక్కకు జరుగుతోందని ఇజ్రాయెల్ ఇచ్చిన డేటాలో ఫిబ్రవరి 11నే బయటపడింది. 16న సరిచేసిన సాఫ్ట్‌వేర్ విడుదలైంది. అది చేరేలోపు, 21న బ్యాటరీలకు ఒక సందేశం వెళ్లింది: మరీ ఎక్కువసేపు నడిపితే గురి తప్పవచ్చు, కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోంది అని. మరీ ఎక్కువసేపంటే ఎన్ని గంటలు? అది మాత్రం రాయలేదు. ఆ ఒక్క అంకె ఉంటే చాలు, ఎవరో ఒకరు మెషీన్ ఆపి మళ్లీ ఆన్ చేసేవారు. గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేది. నిమిషం, ఒకటిన్నర నిమిషాల పని.

ఆ రాత్రి రాడార్‌కు స్కడ్ ఒకసారి కనిపించింది. మరుక్షణం ఎక్కడుంటుందో కంప్యూటర్ లెక్కకట్టి, అక్కడ వెతికింది. గడియారం తప్పు గనక వెతికిన చోటు అర కిలోమీటరుకు పైగా తప్పు. అక్కడేమీ లేదు. మొదట కనిపించింది ఉత్తిదేనని తేల్చుకుంది. ఒక్క క్షిపణి కూడా ఎదురు లేవలేదు.

స్కడ్ ఆ షెడ్డు మీదే పడింది. 28 మంది చనిపోయారు. అందులో 13 మంది గ్రీన్స్‌బర్గ్ దళంవాళ్లు.

సరిచేసిన సాఫ్ట్‌వేర్ మర్నాడు, 26న దహ్రాన్ చేరింది.

ఏడాది తర్వాత అమెరికా ప్రభుత్వ ఆడిటర్లు నివేదిక ఇచ్చారు. పేట్రియాట్‌ను శత్రువు కంటపడకుండా చోటు మారుస్తూ, ఒక్కోచోట కొన్ని గంటలే నడిపేందుకు తయారుచేశారట. దాన్ని ఎవరైనా ఎనిమిది గంటలకు మించి ఒకే బిగిన నడుపుతారని తాము అనుకోలేదని సైన్యం అధికారులు వాళ్లకు చెప్పారు.