కొట్టివేతా, చెరిపివేతా?

2005 జూన్‌లో రాబర్ట్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ రాసిన వ్యాసం రోలింగ్ స్టోన్ పత్రికలోను, సలాన్ వెబ్‌సైట్‌లోను వచ్చింది. టీకాల్లోని పాదరస పదార్థం థైమరోసాల్ వల్ల పిల్లలకు ఆటిజం వస్తోందని, అమెరికా ప్రభుత్వం ఆ సంగతి దాచిందని దాని సారాంశం.

కొద్దిరోజులకే సవరణలు మొదలయ్యాయి. వాటిలో ఒకటి నాలాంటి లెక్కలవాడు మరచిపోలేనిది. ఆరు నెలల లోపు పిల్లలకు టీకాల ద్వారా అందే పాదరసం ప్రభుత్వ పరిమితికి 187 రెట్లు ఎక్కువని వ్యాసంలో ఉంది. నిజానికి 187 అన్నది మైక్రోగ్రాములు! పరిమితి కంటే ఎక్కువైంది 40 శాతమే. (ఆ పరిమితి అయినా వేరే రకం పాదరసానిది లెండి.)

సవరణలు తగిలించి వ్యాసాన్ని అలాగే ఉంచారు. 2011 జనవరిలో సలాన్ దాన్ని పూర్తిగా తీసేసింది. కారణం చెప్పి మరీ తీసేసింది, అంతవరకు మెచ్చుకోవాలి. కానీ డిఫెన్స్ అకౌంట్స్‌లో మేం నేర్చుకున్న పద్ధతి వేరు. తప్పు అంకెను ఒక్క గీతతో కొట్టేసి, పైన సరైనది రాసి, పొట్టి సంతకం పెట్టాలి. కొట్టేసిన అంకె చదవడానికి వీలుగా ఉండాలి. చెరిపితే ఆడిటర్ ఊరుకోడు.

ఒత్తిడికి లొంగి తీసేశారని కెన్నెడీ తరువాత ఆరోపించారు. 187కు, 40కి ఉన్న తేడా చూపిద్దామంటే ఆ పేజీ అక్కడ లేదు. 2025లో ఆయన అమెరికా ఆరోగ్య మంత్రి అయ్యారు.