కత్తికి బీమా, మాత్రకు లేదు

"ఆమెకు ఆపరేషన్ అయింది" అంటే మన ఊళ్లలో ఏ ఆపరేషన్ అని ఎవరూ అడగరు. పిల్లలు పుట్టకుండా చేయించుకుందనే అర్థం. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో గర్భనిరోధం కథంతా ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంది. బీమా కూడా ఆ మాట వెంటే నడిచింది.

1952లో దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1965లో లూప్, 1968లో నిరోధ్ వచ్చాయి. తర్వాత ఎమర్జెన్సీ. 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు, అందులో ఎక్కువ మగవాళ్లకే. ఆ బలవంతపు ఆపరేషన్ల భయంతో మగవాళ్లు వేసెక్టమీ అంటేనే ఆమడ దూరం పోయారు. భారమంతా ఆడవాళ్ల మీద పడింది. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో పెళ్లయిన మహిళల్లో నూటికి 60 మందికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవారే.

మాత్రలు దొరకవని కాదు. మాలా-ఎన్ పట్టీలో 28 ఉంటాయి: 21 హార్మోన్ మాత్రలు, చివర ముదురు రంగులో 7 ఇనుము మాత్రలు. 2011లో మొదలైన ఇంటింటి పంపిణీలో నెల పట్టీని ఆశా కార్యకర్త రూపాయికి గడప దగ్గరికే తెచ్చింది. కానీ తల తిప్పినా, నెలసరి గాడి తప్పినా కూర్చోబెట్టి మాట్లాడే మనిషి కావాలి. ఆ మనిషి పట్టీతో పాటు రాలేదు.

ఇంజెక్షన్‌ది మరో కథ. 1985లో పటాన్‌చెరులో, ఏం మందో సరిగా చెప్పకుండానే నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగానికి మహిళలను పోగుచేశారని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం బయటపెట్టింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టుకు వెళ్లింది. మూడు నెలలకోసారి వేసే 'అంతర' సూది సర్కారు దవాఖానాలకు 2017లో గానీ రాలేదు. ఈ ఆలస్యాన్ని నేను తప్పుపట్టను. ఆ సంఘం మహిళలు అడిగిన ప్రశ్నలు న్యాయమైనవి.

మరి బీమా ఎప్పుడొచ్చింది? 2005 మార్చిలో, ఈ ఆపరేషన్లు చేసే తీరుపై వేసిన రమాకాంత్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించాక, అదే ఏడాది నవంబరులో కుటుంబ నియంత్రణ బీమా పథకం మొదలైంది. 2013లో అది ప్రభుత్వమే భరించే పరిహార పథకంగా మారింది. అప్పటి లెక్కన ఆపరేషన్‌తో ప్రాణం పోతే 2 లక్షలు, ఆపరేషన్ విఫలమై గర్భం వస్తే 30,000. గర్భనిరోధానికి అందిన మొదటి బీమా కత్తి తప్పితే ఇచ్చే సొమ్మే. ఆ కత్తి ఎలా తప్పుతుందో సాగర్ రోడ్డు మీది ఇబ్రహీంపట్నంలో చూశాం. 2022 ఆగస్టు 25న ఒకే క్యాంపులో 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. ఆ నలుగురి పిల్లలను తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

పేదల ఆరోగ్య బీమా అయిన ఆరోగ్యశ్రీ పుట్టిన చోట్లలో పాలమూరు కూడా ఒకటి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, డిసెంబరులో నల్లగొండకు వచ్చింది. పేదవాడి గుండె ఆపరేషన్‌కు అది చేసిన మేలు కాదనలేనిది. కానీ దాని అల్లికంతా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్స చుట్టూనే సాగింది. అవసరం లేకున్నా గర్భసంచులు తీసేస్తున్నారన్న ఆరోపణలు అలాగే పుట్టాయి. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఈస్ట్రోజన్ ఆగిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, గుల్లబారే ఎముకలు, ఏళ్ల తరబడి వేసుకోవాల్సిన మాత్రలు. కోత ఖర్చు ప్యాకేజీలో పోతుంది, మాత్రల ఖర్చు కొంగుముడి విప్పి కట్టాలి. ఇది నాకు మింగుడుపడని అన్యాయం.

డబ్బు కట్టి పాలసీ తీసుకున్నవారికీ ఈ విషయంలో ఊరట లేదు. 2020 అక్టోబరులో అమల్లోకి వచ్చిన ఆరోగ్య బీమా ప్రామాణిక మినహాయింపుల్లో 17వది, గర్భనిరోధం ఏ రకమైనదైనా దానికి బీమా వర్తించదంది. అదే అమెరికాలో 2012 నుంచే చాలా బీమాలు గర్భనిరోధక మాత్రలను రోగి చేతి నుంచి పైసా తీసుకోకుండా ఇస్తున్నాయి.

మాత్ర వద్దని సూది వేయించుకున్నా తిప్పలు తప్పవు. అంతర కార్డు మీద తర్వాతి సూది తేదీ రాసిస్తారు. పాలమూరు నుంచి ముంబైకి, పుణెకు కూలికి పోయే ఆడమనిషికి ఆ తేదీ ఎక్కడో మట్టిపని దగ్గర ఉండగా వస్తుంది. అక్కడ ఏ దవాఖానకు పోవాలో, కూలి పోగొట్టుకుని పోతే సూది వేస్తారో లేదో ఆమెకు తెలియదు. పోయేముందే ఆపరేషన్ చేయించుకోవడమే ఆమెకు తేలికగా కనబడుతుంది.