మొదటి తుపాకి

మిక్సీ కొనాలంటే నాలుగు షాపులు తిరిగి, పక్కింటావిడ సలహా కూడా తీసుకుని గానీ డబ్బు బయటికి తీయని వాళ్ళం మనం. మరి తుపాకి కొనాలంటే? నవ్వకండి! కొల్లేటి చుట్టుపక్కల నాలుగెకరాల మాగాణి ఉన్న ఇళ్ళల్లో ఒకప్పుడు ఇదీ బేరమాడవలసిన వస్తువే. తాడేపల్లిగూడెం వైపు పల్లెలో ఉండే మా తాతగారు 1950లలో ఈ బేరం ఆడారు. ఆ కథ మా నాయనమ్మ చెబితే వినాలి.

అప్పటికి తుపాకి చేతిలో ఉండటమే ఒక గౌరవం. దానికి కారణం దొరలే. 1857 తిరుగుబాటు చూసి జడుసుకున్న ప్రభుత్వం, లిట్టన్ ప్రభువు కాలంలో, 1878లో ఆయుధాల చట్టం తెచ్చింది. మనవాళ్ళకు లైసెన్సు లేనిదే తుపాకి లేదు. తెల్లవాళ్ళకు మాత్రం మినహాయింపు! అంచేత లైసెన్సు వచ్చిందంటే కలెక్టరుగారి దృష్టిలో పెద్దమనిషి అయినట్టే. ఏలూరు కచేరీ చుట్టూ మా తాతగారు ఎన్నిసార్లు తిరిగారో, ఆ తిరుగుళ్ళకు రైలు ఖర్చు ఎంతయిందో నాయనమ్మ నోటిలెక్కగా చెప్పేది.

కాగితం వచ్చింది. ఇక ఏ తుపాకి? చవకైనది మందు దట్టించే నాటు తుపాకి. గొట్టంలో మందు పోయాలి, గుడ్డపీలిక కుక్కాలి, సీసం గుండ్లు వేయాలి, ఊచతో దట్టించాలి. ఇంత తంతూ అయ్యేసరికి పరజపిట్టలు ఆకివీడు దాటిపోతాయి. పైగా కొల్లేటి తేమకు మందు చెమ్మగిల్లితే గుర్రం చప్పుడే గానీ తుపాకి చప్పుడు ఉండదు.

రెండోది ఒంటి గొట్టం పన్నెండు బోరు. పన్నెండు అంటే ఏమిటో నాకూ చాలాకాలం తెలియలేదు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లు చేస్తే, ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపలి వెడల్పు అంత. ఇక మూడోది జోడు గొట్టాల తుపాకి. మద్రాసు మౌంటు రోడ్డులో గడియారాలకు పేరుపడిన పి. ఆర్ అండ్ సన్స్ వారు తుపాకులూ అమ్మేవారు. ఆ అద్దాల బీరువాల్లో ఉన్న జోడు గొట్టాలది మా తాతగారి కంటికి ఆనింది గానీ జేబుకు ఆనలేదు.

మరి ఒకదాని వెంట ఒకటి తూటా తానే ఎక్కించుకునే రైఫిలు? సెమీ ఆటోమేటిక్ అంటారే, అది. ఒక తూటా పేలిన ఊపుతోనే ఖాళీ తొడుగు బయటికి దూకుతుంది, రెండో తూటా లోపలికి వస్తుంది. మళ్ళీ మీట నొక్కడమే మన పని. అమెరికా సైన్యం 1936లో తీసుకున్న గారండ్ రైఫిలు ఈ జాతిదే. యుద్ధకాలంలో, 1942లో, తాడేపల్లిగూడెంలో విమానాల మైదానం వేసినప్పటి నుంచీ కుర్రకారు నోట ఇలాంటి కబుర్లే. మా తాతగారికీ ఆశ పుట్టింది.

ఆ ఆశ తీర్చింది ఊళ్ళోని ఒక మాజీ సిపాయి. "బాబుగారూ, రైఫిలుకు ఒకటే గుండు. అది మైలు దాటి పోతుంది. నీళ్ళమీద తగిలితే చదును రాయిలా ఎగిరి ఏ దోనెలో వాడికి తగులుతుందో! పిట్టకి చెదిరే రవ్వలు కావాలి గానీ రైఫిలెందుకండీ?" అన్నాడట. ఆ తర్వాత వచ్చిన 1959 చట్టం, 1962 నిబంధనలు ఆ మాటకు ముద్ర వేశాయి. సైన్యం వాడే తూటాలు పట్టే రైఫిళ్ళు మామూలు మనిషికి అందకుండా పోయాయి. 1980ల నడిమికి విదేశీ తుపాకుల దిగుమతీ ఆగిపోయింది.

చివరికి ఇంటికి వచ్చింది ఒంటి గొట్టమే. "ఆ డబ్బుతో పాడిగేదె వచ్చేది" అనేది నాయనమ్మ. తుపాకి ధర ఒక్కసారే, తూటాలు జీవితాంతం. కాగితపు తొడుగుల తూటాలు తేమకు ఉబ్బి గొట్టంలో దూరేవి కావు. అందుకని ఆవిడ బియ్యం డబ్బా ఒకటి వాటికి వదిలేసింది. వేటకూరలో సీసం రవ్వలు పంటికింద పడేవి. పడనివి సరస్సు అడుగుకు చేరేవి. బాతులు తిండి అరగడానికి ఇసకరాళ్ళు మింగుతాయి కదా, వాటితోపాటు ఈ రవ్వల్నీ మింగి విషమెక్కి చస్తాయని ఇప్పుడు మనకు తెలుసు. అంటే గురి తప్పిన దెబ్బకూ పిట్ట చచ్చేదన్నమాట!

అదే కాలంలో అదే జిల్లాలో ఇంకో కథ నడిచింది. ఉండి ప్రాంతంలోని ఆరేడు అనే ఊరి చెట్లమీద గూడబాతులు గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచేవి. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి ప్రేమికుడు ఆ గూళ్ళను చూసి, 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశారు. ఆయనే తర్వాత ఇందుచూడన్ పేరుతో మలయాళంలో పక్షుల పుస్తకం రాసినాయన. తుపాకి కోసం మా తాతగారు మద్రాసు రైలెక్కిన ఆ రోజుల్లోనే ఒకాయన ఉత్త కళ్ళతో పిట్టల్ని చూడటానికి మన పల్లెకు వచ్చారంటే నాకిప్పటికీ వింతే. 1970లలో ఆ గూళ్ళు ఖాళీ అయ్యాయి.

1972లో వన్యప్రాణి చట్టం, 1991లో దాని సవరణ వచ్చి వేటకు తెర దించాయి. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. గూడబాతులు ఇప్పుడు ఆటపాకలో అటవీశాఖ నిలబెట్టిన ఇనుప మంచెలమీద గూళ్ళు కడుతున్నాయి.

మా తుపాకికి మాత్రం పని లేకపోయింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషనులో అప్పజెప్పడం, తెచ్చుకోవడం, లైసెన్సు తిరగరాయించుకోవడం. తాతగారు పోయాక దాన్ని ఎవరి పేర మార్చాలా అని మగవాళ్ళు తర్జనభర్జన పడుతుంటే, నాయనమ్మ వంటింట్లోంచే అంది: "కొన్నప్పుడు నన్నడగలేదు. ఇచ్చేసేటప్పుడైనా అడగండి. ఇచ్చేయండి."

ఇచ్చేశారు. బియ్యం డబ్బా ఖాళీ అయింది. మర్నాడే అందులో మినప్పప్పు పోసుకుంది మా నాయనమ్మ.